వేగం వాళ్ళది, బుద్ధి వీళ్ళదా?

ఫుట్‌బాల్ వీడియో గేముల మీద వాదన ఎప్పుడొచ్చినా ఒక్క ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది: ఫలానా ఆటగాడికిచ్చిన అంకె వాస్తవమా, కాదా? ఒకడు 88 అంటే ఇంకొకడు 85 చాలంటాడు. ఆ అంకె వేసిందెవరు, ఏ కొలబద్దతో వేశారు అనేది పెద్దగా చర్చకి రాదు. 'ప్రతిభ' పేరుతో మార్కులేసే పద్ధతుల చేతిలో తరతరాలుగా దెబ్బతిన్న మనం ఆ ప్రశ్న అడిగి తీరాలి.

1993లో 'ఫిఫా' పేరుతో మొదలై, 2023 నుంచి 'ఈఏ స్పోర్ట్స్ ఎఫ్‌సీ' పేరుతో వస్తున్న ఆటలో మార్కులు 99 దాకా ఉంటాయి. 'ఫుట్‌బాల్ మేనేజర్'లో ఒక్కో గుణానికి 1 నుంచి 20. పరుగు వేగాన్ని గడియారం పెట్టి కొలవొచ్చు. నిబ్బరం, దూకుడు, ఆటని ముందే పసిగట్టడం ఏ గడియారానికీ అందవు. వాటిని మనుషులే చూసి అంచనా వెయ్యాలి. మన మాటల్లో చెప్పాలంటే వేగం రాతపరీక్ష, నిబ్బరం ఇంటర్వ్యూ. ఇంటర్వ్యూ మార్కుల కథ మనకి ఒకరు చెప్పక్కర్లేదు.

దూకుడునే తీసుకోండి. మొదటి ఆట దాన్ని బలం, దమ్ములతో కలిపి శరీరం ఖాతాలో రాస్తుంది. రెండోది మనసు ఖాతాలో రాస్తుంది. మనిషీ అదే, గుణమూ అదే. ఎక్కడ రాయాలన్నది మాత్రం రాసేవాడి ఇష్టం. అంటే ఈ పట్టికలు మైదానాన్ని ఉన్నదున్నట్టు చూపే అద్దాలు కావు. మనిషిని శరీరం కింద, బుద్ధి కింద విడగొట్టి చూసే ఒక చూపు వాటిలో ముందే ఉంది.

ఆ చూపు ఎట్లాంటిదో 2020లో రన్‌రిపీట్ సంస్థ ఇంగ్లండ్ ఆటగాళ్ళ సంఘంతో కలిసి చేసిన పరిశీలన చెప్తుంది. 80 మ్యాచుల ఇంగ్లిష్ కామెంటరీని లెక్కగట్టారు. బలం గురించిన మాట నల్లచాయ ఆటగాడి మీద పడే అవకాశం 6.59 రెట్లు, వేగం గురించైతే 3.38 రెట్లు ఎక్కువ. తెలివిని మెచ్చుకున్న మాటల్లో 62.60 శాతం తెల్లచాయ వాళ్ళకి పోయాయి. ఇది కామెంటరీ లెక్క, గేముల లెక్క కాదు. కానీ గేముకి అంకెలేసేవాళ్ళు చూసేదీ ఆ మ్యాచులే, వినేదీ ఆ మాటలే.

ఎన్‌గోలో కాంటే సంగతి చూద్దాం. మాలీ దేశం నుంచి ఫ్రాన్స్‌కి వలసొచ్చిన కుటుంబం అతనిది. 2015-16లో లెస్టర్ సిటీ ఇంగ్లిష్ ప్రీమియర్ లీగ్ గెలిచినప్పుడు లీగ్ మొత్తంలో ఎక్కువ టాకిళ్ళు, ఎక్కువ ఇంటర్‌సెప్షన్లు అతనివే. జనం మాత్రం "అలుపెరగని పరుగు" అనే మెచ్చుకున్నారు. బంతి ఎటు పోతుందో ముందే తెలియకుండా ఎంత పరుగెత్తితే దొరుకుతుంది? అది బుర్ర పని. పేరు మాత్రం కాళ్ళకొచ్చింది.

కండ పని ఒకరికి, బుర్ర పని ఒకరికి అని పంచిపెట్టడం మనకి కొత్త కాదు. కులం చేసిందే అది. మన మీద వచ్చిన 'వాస్తవిక' కథల్లో చాలావాటిలో మన చెమట కనబడింది, మన ఆలోచన కనబడలేదు. జాతి, కులం ఒకటి కాకపోవచ్చు. ఎవరి వాస్తవం, ఎవరి కంటితో చూసిన వాస్తవం అన్న ప్రశ్న మాత్రం రెండు చోట్లా ఒకటే.

"ఆటే కదా, ఇంత రాద్ధాంతం దేనికి?" అనొచ్చు. 2008లో ఎవర్టన్ క్లబ్బు ఆటగాళ్ళని వెతకడానికి 'ఫుట్‌బాల్ మేనేజర్' సమాచారాన్ని వాడుకునేందుకు ఒప్పందం చేసుకుంది. తెర మీది అంకె బతుకుతెరువు దాకా వచ్చింది. పేరున్న లీగులకే పరిమితం కాకుండా మూలమూల్లోని కుర్రాళ్ళని ఈ పట్టికలు నమోదు చేశాయన్నదీ నిజమే. అందుకే వీటిని తగలబెట్టమనడం లేదు. కొలిచిన అంకెని కొలిచిందిగా, ఊహించిన అంకెని ఊహగా విడివిడిగా చూపించమంటున్నాం. నిబ్బరానికి 12 వేసినవాళ్ళు ఏ మ్యాచ్‌లో ఏం చూసి వేశారో చెప్పాలి. అది చెప్పనంతకాలం ఆ 12ని వాస్తవమని ఒప్పుకోవాల్సిన పని మనకి లేదు.