డమాస్కస్ గొట్టం, పత్తి మందు

అద్దంకి వైపు ఓ ఊళ్లో ఈ వారం ఒక కుర్రాడు తాతగారి తుపాకీ లైసెన్సు తన పేరు మీదికి మార్పించుకున్నాడు. ఏళ్ల తరబడి పాత దుప్పట్లో చుట్టి పెట్టిన జోడుగొట్టాల తుపాకీ అది. నూనెగుడ్డతో తుడిచేసరికి గొట్టాల మీద గోధుమ, వెండి రంగుల్లో సన్నని సుడులు వరసగా తేలాయి. "డమాస్కస్ బాబాయ్, మన ఉక్కే! కాల్చి చూద్దామా?" అన్నాడు చూడ్డానికి వెళ్లిన కాలమిస్టుతో. తూటాలు అప్పటికే తెచ్చి పెట్టుకున్నాడు.

ఈ కాలమ్ వదలకుండా చదివేవాళ్లకు కాలమిస్టు పాత వాదం తెలుసు. పనిముట్టు పనిలో ఉంటేనే బతుకుతుందంటాడు. తిరగళ్లు, కవ్వాలు హోటల్ గోడలెక్కినప్పుడల్లా ఇక్కడ బాధపడిందీ ఆయనే. అందుకే మనసు ముందు కుర్రాడి వైపే మొగ్గింది.

అయితే "మన ఉక్కే" అన్న మాట దగ్గర ఆగాల్సి వచ్చింది. నిజామాబాద్ జిల్లా కోనసముద్రం కమ్మరులు ఇనుమును మట్టి మూసల్లో పెట్టి, మూత బిగించి, గంటల కొద్దీ కొలిమిలో కాచి ఉక్కు ముద్దలు తీసేవారు. వాటిని కొనడానికి ఇస్ఫహాన్ నుంచి వర్తకులు వచ్చేవారని 19వ శతాబ్దపు తొలి దశకాల్లో అక్కడికి వెళ్లిన హెన్రీ వాయ్‌సీ రాశాడు. దక్షిణాది మూస ఉక్కుకు ఇంగ్లీషువాళ్లు పెట్టిన 'ఊట్జ్' పేరు తెలుగు, కన్నడాల్లోని 'ఉక్కు' మాటే. పేరున్న డమాస్కస్ కత్తుల వెనక ఉన్నది ఈ రకం ఉక్కే. దాన్ని నెమ్మదిగా చల్లార్చి, జాగ్రత్తగా సాగగొడితే లోపలి నుంచే అలలు తేలతాయి. మన కమ్మరుల పేర్లు ఏ పుస్తకంలోనూ లేకపోవడం కాలమిస్టుకు ఎప్పుడూ కలుక్కుమనే సంగతి.

కానీ తుపాకీ గొట్టం మీది సుడులకూ కోనసముద్రానికీ చుట్టరికం లేదు. బెల్జియంలోని లీజ్ చుట్టుపక్కల పల్లెల్లో, బర్మింగ్‌హామ్‌లో ఇనుప కడ్డీలనూ ఉక్కు కడ్డీలనూ కలిపి కాచి అతికేవారు, మోకులా మెలిపెట్టేవారు. అలాంటి రెండు మూడు మెలికలను పక్కపక్కన చేర్చి పట్టీగా సాగగొట్టి, ఆ పట్టీని ఒక ఊచకు చుట్టి, అంచులు ఒకదానితో ఒకటి అతుక్కునేలా సుత్తితో కొట్టేవారు. తర్వాత ఆమ్లం పూస్తే ఇనుము ఒక రంగు, ఉక్కు మరో రంగు తేలేవి. అంటే ఆ గొట్టం మొదలు నుంచి చివరిదాకా అతుకులే.

అతుకుల గొట్టం కాబట్టి పేలిపోతుందనేది చాలామంది మాట. లెక్కలు అలా చెప్పవు. 19వ శతాబ్దం చివర్లో, తుపాకులను పరీక్షించి ముద్ర వేసే బర్మింగ్‌హామ్ ప్రూఫ్ హౌస్ రకరకాల గొట్టాలను పగిలేదాకా పరీక్షిస్తే మొదటి స్థానం వచ్చింది మెలిపెట్టి చేసిన ఇంగ్లిష్ లామినేటెడ్ గొట్టానికే. తుపాకుల తయారీదారు గ్రీనర్ తన పుస్తకంలో ఆ ఫలితాలు ఇచ్చాడు. అమెరికాలో షెర్మన్ బెల్ అనే ఆయన పాత డమాస్కస్ గొట్టాల్లో గట్టి తూటాలు పేల్చి చూస్తే అవి జనం భయపడినంత తేలిగ్గా పగల్లేదు. కుర్రాడికి ఇదంతా చెబుతుంటే వాడి మొహం వెలిగిపోయింది.

తర్వాత కాలమిస్టు గొట్టాలు విడదీసి కిటికీ వెలుతురుకు పెట్టి చూశాడు.

తూటా గదికి కాస్త ముందు, సరిగ్గా ఎడమ చెయ్యి పట్టుకునే చోట లోపల చిన్నచిన్న గుంటలున్నాయి. నల్ల తుపాకీమందు మసిలోని లవణాలు తేమను పీల్చి తినేసిన గుర్తులవి. ఎవరో ఒకప్పుడు లోపల సానబట్టించినట్టూ ఉంది. గుంటలు అందంగా పోతాయి, వాటితోపాటు గోడ మందమూ పోతుంది. గొట్టాల కింద నల్ల తుపాకీమందుతో పరీక్షించినట్టు చెప్పే ప్రూఫ్ ముద్ర ఉంది, పొగలేని మందుకు వేసే నైట్రో ప్రూఫ్ ముద్ర లేదు. గది పొడవు 65 మి.మీ. తూటాలు 70 మి.మీ.వి. అవి గదిలో చక్కగా కూర్చుంటాయి. చిక్కంతా అక్కడే. పేలాక తూటా మూతి విచ్చుకునే చోటు చాలక పీడనం పెరుగుతుంది.

ఇక మందు సంగతి పత్తి పండించే గుంటూరు, ప్రకాశం రైతుకు దగ్గరిదే. జిన్నింగ్ అయ్యాక గింజను అంటుకుని మిగిలే పొట్టి నూగు నుంచి నైట్రోసెల్యులోజ్ చేస్తారు. 1846లో షోన్‌బైన్ పత్తిని నత్రికామ్లం, గంధకామ్లాల్లో ముంచి గన్‌కాటన్ చేశాడు. 1884లో పాల్ వియే దాన్ని పొగలేని తుపాకీ మందుగా మార్చాడు. ఆ మందుతో నింపిన ఇప్పటి తూటాల పీడనం పాత నల్ల తుపాకీమందు తూటాల కంటే సాధారణంగా ఎక్కువ. తాతగారి గొట్టాన్ని పరీక్షించింది నల్ల తుపాకీమందుకే.

ఇక్కడే కాలమిస్టు మాట మారింది. బర్మింగ్‌హామ్‌లో గెలిచినవి కొత్త గొట్టాలు. ఇది తేమలో, దుప్పట్లో ఏళ్లు గడిపినది. అతుకుల మధ్య చిక్కుకున్న చిట్టెం, లోలోపల తిన్న తుప్పు కంటికి ఆనవు. గోడ మందాన్ని అంగుళంలో వెయ్యో వంతు దాకా కొలిచే గేజి కావాలి. అది మన పల్లెల్లో దొరికేది కాదు. తడితే ఖణేలుమని మోగిందనో, మన ఉక్కన్న అభిమానంతోనో నిర్ణయించే విషయం కాదిది. మొక్కజొన్న చేలో అడవిపందులు పడుతున్నాయి కాబట్టి కాల్చాలన్న కారణమూ నిలవదు. అనుమతి లేకుండా వాటిని కాల్చడం వన్యప్రాణి చట్టం కింద నేరం.

ఇలాంటి తుపాకీ ఇంట్లో ఉన్నవాళ్లు గొట్టం మందం కొలిచి, ముద్రలు చదివి చెప్పగలిగే మనిషి దొరికేదాకా అందులో తూటా పెట్టకండి. అద్దంకి కుర్రాడు పెట్టలేదు.