సూరి నాగమ్మగారి లేఖలు – రమణోపదేశ స్వరూపము

భగవాన్ శ్రీ రమణమహర్షి 1879లో తిరుచ్చుళియందు జన్మించిరి. 1896లో మధురయందు మరణానుభవమును పొంది, ఆ సంవత్సరమే సెప్టెంబరు 1వ తేదీన అరుణాచలము చేరిరి. 1950 ఏప్రిల్ 14న దేహమును చాలించువఱకు ఆ గిరిపరిసరములను విడువలేదు. దిగ్విజయములు, యాత్రలు, మఠస్థాపనోద్యమములు ఆ జీవితమున లేవు. ఉపదేశపీఠమునకు శిష్యుని వారసునిగా నియమించుటయు లేదు. అందుచే ఆయన స్వకృతులతోపాటు, చూచినవారు, విన్నవారు వ్రాసియుంచిన గ్రంథములే ఆ వారసత్వమునకు ప్రధానాధారములైనవి. అట్టి గ్రంథములలో ‘శ్రీ రమణాశ్రమ లేఖల’ స్థానమెట్టిది యని విచారించుట ఈ వ్యాసోద్దేశము.

మహర్షి బోధను గ్రంథస్థము చేయుటలో ఆంధ్రుల కృషి గణనీయము. బొబ్బిలి సమీపమున కలువరాయి గ్రామమున జన్మించిన కావ్యకంఠ గణపతిముని 1907లో ఆయనను దర్శించి, ‘భగవాన్ శ్రీ రమణమహర్షి’ యను నామమును ప్రకటించిరి. పిమ్మట ‘రమణగీత’ను సంస్కృతమున రచించిరి. మునగాల వెంకట్రామయ్యగారు 1935–1939 నడుమ జరిగిన సంభాషణలను ఆంగ్లమున లిఖించిరి. మొదటిది బోధకు శాస్త్రగౌరవమును కూర్చినది. రెండవది దినచర్యగా నిలిచినది. అయితే రెండింటను ప్రశ్నోత్తరములకే ప్రాధాన్యము. మౌనమే ఉత్తమోపదేశమని చెప్పిన గురువు విషయమున ఇది చిన్న లోపము కాదు. ప్రశ్నించువాడు లేనప్పుడు ఆ గురువేమి చేయుచుండెను?

ఈ ప్రశ్నకు నాగమ్మగారి లేఖలు సమాధానమిచ్చుచున్నవి. గుంటూరు మండలమున 1902లో జన్మించి, బాల్యముననే వైధవ్యమునకు లోనైన ఆమె 1941లో ఆశ్రమమునకు వచ్చెను. 1945 నవంబరునుండి అక్కడి విశేషములను తన సోదరునకు జాబులుగా వ్రాయసాగెను. జాబునకు సిద్ధాంతము చెప్పవలసిన నిర్బంధము లేదు. చూచినది చెప్పిన చాలును. 1948 జూన్ 18న ఆశ్రమధేనువు లక్ష్మి మరణించిన ఉదంతమే నిదర్శనము. అవసానకాలమున మహర్షి దాని చెంత కూర్చుండి, తలపై చేయి యుంచిరి. అచట సందేహము లేదు, సమాధానము లేదు. 1922లో తల్లి అవసానమున ఆయన అట్లే చేసిరని యెఱిగిన పాఠకునకు, గోవునకును తల్లికిని భేదము చూపని ఆ హస్తస్పర్శయే అద్వైతవ్యాఖ్యానమగుచున్నది. దీనిని సూత్రప్రాయమైన ప్రశ్నోత్తరమున ఇముడ్చుట దుష్కరము.

భాషావిషయముకూడ గమనింపదగినది. మహర్షి తమిళుడయ్యును తెలుగు నేర్చి, ‘ఉపదేశసారము’ను తెలుగునను రచించిరి. తమిళ, తెలుగు, మలయాళములలో జరిగిన సంభాషణలు వెంకట్రామయ్యగారి గ్రంథమున ఆంగ్లరూపము దాల్చినవి. నాగమ్మగారితో మహర్షి తెలుగున పలికిన పలుకులు భాషాంతరము పొందకయే లేఖలలో చేరినవి. కావున ఆయన వాక్కు తీరును, హాస్యమును పరిశీలించువారికి ఈ తెలుగు మూలము అనువాదములకంటె సన్నిహితమైన ఆధారము.

అయినను ఈ లేఖలను నిర్విమర్శముగ స్వీకరింపరాదు. రచయిత్రి భక్తురాలు, సంశయమునకు ఆమె హృదయమున చోటు తక్కువ. స్త్రీలు రాత్రివేళ ఆశ్రమమున ఉండరాదను నియమముచే ఆమె వెలుపల నివసించెను. కావున ఆమె స్వయముగా చూచినది పగటి ఆశ్రమమే. విన్నదానిని బసకు పోయి వ్రాయునపుడు స్మృతి కొంత చేర్చును, కొంత విడుచును. ఆమె విన్నది యెంత, కూర్చినది యెంత?

ఈ సంశయమును తీర్చుకొనుటకు మార్గము లేకపోలేదు. దేవరాజ మొదలియారుగారు 1945–1947 నడుమ అదే సభామందిరమున జరిగిన సంభాషణలను ఆంగ్లమున దినచర్యగా వ్రాసిరి. ఒకే దినమున ఇరువురును వ్రాసిన ఘట్టములను ప్రక్కప్రక్కన నుంచి పోల్చినచో, ఏది మహర్షి వాక్కో, ఏది లేఖకుల సంస్కారమో కొంతవఱకు తేలగలదు. భక్తులు పారాయణము చేయు గ్రంథమును పరిశోధకులు పాఠపరిశీలనకు గైకొనుట దాని గౌరవమునకు భంగము కాదు. వారసుని నిలుపని గురువు పలుకును యథాతథముగ నిలుపుకొనుటకు అదియే మార్గము.