గని వాయుసూచికలో ఆప్ ఆంప్ వలయం: ఒక విమర్శ

గోదావరికి దక్షిణాన పూర్వపు కరీంనగర్ జిల్లాలోని గోదావరిఖని, ఉత్తరాన పూర్వపు ఆదిలాబాద్ జిల్లాలోని మందమర్రి, బెల్లంపల్లి సింగరేణి బొగ్గుగనులకు పేరొందిన ఊళ్ళు. 2016లో జరిగిన పునర్విభజనతో ఇవి పెద్దపల్లి, మంచిర్యాల జిల్లాలలో చేరినవి. బొగ్గుపొరలలో చిక్కుకొని ఉన్న మీథేను వాయువు తవ్వకంలో వెలువడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. గాలిలో 5 నుండి 15 శాతం వరకు ఉన్నప్పుడు చిన్న నిప్పురవ్వ తగిలినా ప్రేలుతుంది. అందుచేతనే అది 1.25 శాతాన్ని మించిన చోట విద్యుత్తును ఆపి, మనుషులను తప్పించాలని గని నిబంధనలు విధిస్తున్నవి. ఈ ప్రాంతపు విద్యార్థి వైజ్ఞానిక ప్రదర్శనకు వాయుసూచికను ఎన్నుకోవడం సహజమే. అయితే అటువంటి నమూనాలలోని వలయాన్ని ఎంత నమ్మవచ్చునో పరిశీలించవలసి ఉన్నది.

ముందుగా దానిలోని మంచిని చెప్పాలి. ఇందులో గ్రాహకం, అనగా సెన్సర్, రెండు చిన్న పూసలు. రెండింటిలోను వేడెక్కిన ప్లాటినం తీగచుట్ట ఉంటుంది. ఒక పూసపై ఉత్ప్రేరకం ఉన్నందున మీథేను దానిపై మండి, తీగ వేడినీ నిరోధాన్నీ పెంచుతుంది. రెండవ పూసపై వాయువు మండదు. రెండింటినీ వీట్‌స్టన్ బ్రిడ్జిలో అమర్చితే, బయటి ఉష్ణోగ్రతలోని మార్పు ఇద్దరికీ సమానమై రద్దవుతుంది. వాయువు కలిగించిన తేడా మాత్రమే మిగులుతుంది. ఆ తేడా మిల్లీవోల్టులలో ఉంటుంది. దానిని పెంచే పని ఆపరేషనల్ యాంప్లిఫైయర్‌ది, క్లుప్తంగా ఆప్ ఆంప్‌ది. శాతానికి 20 మిల్లీవోల్టులు వస్తున్నవనుకొంటే, 50 రెట్లు పెంచగా శాతానికి 1 వోల్టు అవుతుంది. 1.25 శాతానికి 1.25 వోల్టులు, మీటరు చదవడం సులభం. ఇంతవరకు పాఠం, లెక్క రెండూ సరియైనవే.

లోపం ఇక్కడి నుండి ఆరంభమవుతుంది. పాఠ్యపుస్తకపు ఆదర్శ ఆప్ ఆంప్‌కు హద్దు లేదు. అంగడిలో దొరికేదానికి ఉన్నది. విరివిగా వాడే ఎల్‌ఎం358ని 5 వోల్టుల సరఫరాపై నడిపితే, దాని ఫలితం సుమారు 3.5 వోల్టుల దగ్గర ఆగిపోతుంది. అనగా వాయువు 3.5 శాతమైనా, ప్రేలుడుకు చేరువైన 4.9 శాతమైనా ముల్లు ఒకే చోట నిలుస్తుంది. రచయిత కోరకుండానే వలయం తనకు తాను పరిమితి విధించుకొన్నది!

మీటరును కాపాడటానికి డయోడుతో పరిమితి పెట్టడం మరొక అలవాటు. సిలికాన్ డయోడు సుమారు 0.6 వోల్టు దగ్గర ప్రవాహాన్ని వదలుతుంది. కాని ఆ విలువ డిగ్రీ సెల్సియస్‌కు 2 మిల్లీవోల్టుల చొప్పున తగ్గుతుంది. రామగుండపు వేసవి మధ్యాహ్నానికీ, చలికాలపు ఉదయానికీ 30 డిగ్రీల తేడా ఉంటే హద్దు 60 మిల్లీవోల్టులు జరుగుతుంది. పై లెక్కలో అది 0.06 శాతం వాయువుతో సమానం. డయోడును ఆప్ ఆంప్ ఫలితం తిరిగి ప్రవేశానికి వచ్చే మార్గంలోనే చేర్చితే ఈ దోషం దాదాపు పోతుంది. డయోడు మింగిన వోల్టేజిని ఆప్ ఆంప్ తానే పూరిస్తుంది.

ఇంతకంటె ముఖ్యమైన ఆక్షేపణ మరొకటి. బ్రిడ్జికి విద్యుత్తునిచ్చే తీగ తెగితే రెండు పూసలూ చల్లబడతవి, తేడా శూన్యం, ముల్లు సున్నా చూపుతుంది. పరిశుభ్రమైన గాలికీ ముల్లు చూపేది సున్నాయే. అట్లే మీథేను బాగా హెచ్చినప్పుడు మండటానికి ఆక్సిజన్ చాలక, పూస వేడి తగ్గి, ముల్లు వెనుకకు వస్తుంది. రెండు సందర్భాలలోను వలయం "భయం లేదు" అంటున్నది.

పూర్వం గనులలో వాడిన డేవీ దీపాన్ని ఇక్కడ తలచుకోవాలి. 1815లో రూపొందిన ఆ దీపంలో మంట పొడవు వాయువును సూచించేది. ప్రాణవాయువు చాలకపోతే దీపం ఆరిపోయేది. ఆరిన దీపాన్ని చూసి "అంతా క్షేమం" అనుకొన్న కార్మికుడు ఉండడు. పనిముట్టు విఫలమైనప్పుడు ఆ వైఫల్యమే హెచ్చరిక కావాలన్న నీతి దానిలో ఉన్నది. కొత్త వలయం దానిని పోగొట్టుకోరాదు.

పరిశ్రమలలో దీనికి ఉపాయం ఉన్నది. సున్నా శాతానికి 4 మిల్లీఆంపియర్లు, 5 శాతానికి 20 మిల్లీఆంపియర్లు పంపుతారు. 1.25 శాతానికి 8 అవుతుంది. పంపే తీగ తెగితే ప్రవాహం సున్నాకు పడి దోషం బయటపడుతుంది. అయినా ఇదొక్కటే చాలదు. బ్రిడ్జి సరఫరా ఒక్కటే ఆగితే 4 మిల్లీఆంపియర్లు వస్తూనే ఉంటవి. కనుక బ్రిడ్జి ప్రవాహాన్ని మరొక ఆప్ ఆంప్ కనిపెట్టి ఉండాలి. హద్దు దాటిన హెచ్చరిక, ముల్లు వెనుకకు వచ్చినా, మనిషి వచ్చి తీసేవరకు నిలవాలి.

ఉపాధ్యాయులు ఈ పరీక్షను తరగతిలోనే చేయించవచ్చు. వాయువు అవసరం లేదు, వాడనూ కూడదు. పూసల బదులు ఒక మార్చదగిన నిరోధకంతో 0 నుండి 100 మిల్లీవోల్టుల వరకు ఇచ్చి, ముల్లు ఎక్కడ ఆగిపోతున్నదో గుర్తించమనాలి. తరువాత ఒక్కొక్క తీగనే ఊడదీసి, "ఇప్పుడు ముల్లు ఏమి చెబుతున్నది? అది నిజమేనా?" అని అడగాలి. ఎన్ని రెట్లు పెంచినదన్న ప్రశ్నకు సూత్రం జవాబు చెబుతుంది. ఎప్పుడు అబద్ధమాడుతుందన్న ప్రశ్నకు జవాబు వెదకినవాడే వలయాన్ని నిజంగా నేర్చినవాడు.