ఒంటికి బరువు లేని చీర

వెంకటగిరి నూలు చీర నెల్లూరు సీమ ఎండలకు సరిపడిన బట్ట. రోహిణి కార్తెలో కోట, వాకాడు, సూళ్లూరుపేట వైపు ఎండ ఒక ఎత్తయితే, సముద్రం మీద నుంచి వచ్చే తేమ ఇంకో ఎత్తు. పట్టిన చెమట ఓ పట్టాన ఆరదు. అలాంటి పూట ఒంటికి అంటుకోకుండా, గాలి ఆడేలా నిలిచే చీర కడితే సగం చిరాకు అక్కడే పోతుంది. కట్టుకుంటే ప్రాణం హాయిగా ఉంటుందని ఆడవాళ్లు ఈ చీరను మెచ్చుకునేది ఊరికే కాదు. ఆ హాయి ఎక్కడి నుంచి వస్తుందో నేతను చూస్తే తెలుస్తుంది.

వెంకటగిరి పాతపేరు కలిమిలి. వెలుగోటి వారు ఏలిన ఈ సంస్థానంలో నేతగాళ్లకు రాజాదరణ దొరికింది. దొరలకు పంచెలు, ఉత్తరీయాలు, తలపాగాలు, రాణివాసానికి జరీ అంచు చీరలు ఇక్కడే నేసేవారు. తెలుపు, లేత గంధం వంటి రంగుల మీద సన్నటి జరీ గీత, అదీ పాత వెంకటగిరి అందం. ముదురు రంగులు, పెద్ద అంచులు తర్వాత వచ్చాయి. 2022లో జిల్లాలను విడదీసినప్పుడు ఊరు తిరుపతి జిల్లాలోకి వెళ్లినా, జనం నోట అది ఇంకా నెల్లూరు వెంకటగిరే.

చీర తేలికదనమంతా నూలు నంబరులో ఉంది. మేలురకం వెంకటగిరికి నూరో నంబరు నూలు వాడతారు. 840 గజాల చిలపలు ఎన్ని కలిస్తే ఒక పౌను తూగుతాయో అదే నూలు నంబరు. ఆ లెక్కన నూరో నంబరు నూలు 454 గ్రాములు విప్పితే సుమారు 77 కిలోమీటర్ల పొడవు వస్తుంది. ఒక కొస నెల్లూరులో పట్టుకుని గాలిదారిన లాగితే వెంకటగిరి చేరాక కూడా ఇంకా మిగులుతుంది. ఇంత సన్నని పోగు మగ్గం మీద ఒడిదుడుకులకు తట్టుకోవాలంటే దానికి ముందు బలం ఎక్కించాలి.

ఆ పని వీధిలోనే మొదలవుతుంది. ఆసు పోసిన పడుగును, అంటే నిలువు పోగులను, తెల్లవారుజామున, ఎండ ముదరకముందే, వీధి పొడవునా సాగదీస్తారు. పలచని బియ్యపు గంజి పట్టించి, ఇద్దరు మనుషులు చెరో పక్కన పెద్ద కుంచె పట్టుకుని ఈ కొస నుంచి ఆ కొస దాకా దువ్వుతూ పోతారు. పోగు మీద లేచిన నూగు అణిగిపోతుంది, పోగు గుండ్రంగా, నునుపుగా తేలుతుంది. ఒకదానికొకటి అతుక్కున్న పోగులను వేళ్లతో విడదీస్తారు. కొంచెం నూనె కూడా తగిలిస్తే పోగు పెళుసెక్కదు. గంజి ఎక్కువైతే పోగు విరుగుతుంది, తక్కువైతే తెగుతుంది. ఆ పాకం కొలతలతో రాదు, చేతికి తెలియాలి. ఇంట్లో ఆడవాళ్లు రాట్నం మీద పేకకు, అంటే అడ్డపోగుకు, కండెలు చుడతారు. చీర ధరలో ఈ చాకిరీకి దక్కే వాటా మాత్రం చాలా తక్కువ.

మగ్గం గుంట మగ్గం. నేతగాడు గుంటలో కాళ్లు పెట్టుకుని నేలమట్టాన కూర్చుంటాడు. నేలలోని చెమ్మ పడుగుకు మేలు చేస్తుంది, ఎందుకంటే తడి తగిలిన నూలుపోగు పొడిపోగు కంటే గట్టిది. ఒంటికి చిరాకు తెచ్చే తేమే పోగును కాపాడుతుందన్నమాట. అయితే అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈ సీమకు అసలు వానలు. అప్పుడు గుంటల్లో నీళ్లూరి మగ్గాలు ఆగిపోతాయి.

వెంకటగిరికి పేరు తెచ్చిన పనితనం జాందానీ. బుటా గీసిన గళ్ల కాగితాన్ని పడుగు కింద ఉంచుతారు. నాడె ఒకటి రెండుసార్లు అటూ ఇటూ తిరిగాక నేతగాడు ఆగుతాడు. చిన్న పుల్లకు చుట్టిన రంగు నూలు తీసుకుని, కాగితం మీద గడి ఎక్కడ నిండి ఉంటే అక్కడి పడుగు పోగుల కిందుగా దూర్చి, బుటా అంచున వెనక్కు తిప్పుతాడు. ఒక్కో బుటాకు ఒక్కో పుల్ల. కొంగంతా చిలకలో, హంసలో, మామిడి పిందెలో ఉంటే, ఒకే వరసలో పదుల పుల్లలు వేలాడుతుంటాయి. పని పెద్దదైతే ఇద్దరు పక్కపక్కన కూర్చుంటారు. రంగు నూలు బుటా దాటి పోదు కాబట్టి వెనకవైపు వేలాడే పోగులుండవు, రెండు పక్కలా బొమ్మ ఒకేలా కనిపిస్తుంది. జాకార్డు అనే యంత్రసాధనంతో నేసిన బుటా అయితే వెనక పోగులు సాగి ఉంటాయి, కత్తిరిస్తే గరుకు తేలుతుంది. ఇది అందానికి సంబంధించిన తేడా మాత్రమే కాదు. కొంగు మెడకు తగిలినా, ముఖం తుడుచుకున్నా ఆ గరుకు తెలుస్తుంది. బంగ్లాదేశ్ జాందానీ నేతను 2013లో యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చింది. వెంకటగిరి చీరకు మన దేశంలో భౌగోళిక గుర్తింపు ఉంది.

మొదట చెప్పిన హాయి సంగతికి వస్తే, బట్ట మనసును మారుస్తుందా అన్నది చదువుకున్నవాళ్లు కూడా పరీక్షించిన విషయమే. 2012లో హాజో ఆడమ్, ఆడమ్ గాలిన్‌స్కీ అనే పరిశోధకులు, డాక్టరు కోటని చెప్పి తెల్లకోటు తొడిగితే మనిషి శ్రద్ధ పెరుగుతుందని ప్రకటించారు. 2019లో ఇంకో బృందం వారి మొదటి ప్రయోగాన్ని మళ్లీ చేస్తే ఆ ఫలితం రాలేదు. బట్టకు మనం ఇచ్చే అర్థం ఎంత పనిచేస్తుందో తేలకపోయినా, ఒంటికి తగిలే సుఖాన్ని కొలవవచ్చు. మామూలు గాలిలో నూలు తన బరువులో 8 శాతం దాకా తేమ పట్టి ఉంచుకుంటుంది, పాలియెస్టర్ అర శాతం కూడా పట్టదు. గంజి వల్ల బట్ట చర్మానికి కాస్త ఎడంగా నిలుస్తుంది, ఆ సందులో గాలి ఆడుతుంది.

ఇక అర్థం సంగతి. కొత్త చీర మూలకు పసుపు పెట్టి, పెద్దల చేత ఇప్పించుకుని కట్టుకోవడం మన ఇళ్లలో మామూలే. వినాయక చవితి దాటాక భాద్రపదంలో వెంకటగిరిలో పోలేరమ్మ జాతర. ఆ రోజు కొత్త బట్ట కట్టిన ఉత్సాహం ఏ ప్రయోగశాలకూ దొరికేది కాదు.

1985 నాటి చేనేత రిజర్వేషన్ చట్టం కొన్ని రకాల చీరలను చేతిమగ్గానికే కేటాయించింది. అయినా మరమగ్గం మీద నేసిన నకళ్లు వెంకటగిరి పేరుతో అంగట్లో తిరుగుతూనే ఉన్నాయి. కొనేవాళ్లు ముందు బుటాను వెనక తిప్పి చూడాలి. అంచు చివర సూది గుచ్చినంత చిన్న రంధ్రాలు వరుసగా ఉంటే అది మగ్గం మీద బట్ట ముడుచుకోకుండా సాగదీసి పట్టిన గుర్తు. 2006లో వచ్చిన హ్యాండ్‌లూమ్ మార్క్ ఉంటే మరీ మంచిది. జరీ దట్టంగా మెరిసే చీర ఖరీదు ఎక్కువే కానీ, బరువెక్కిన వెంకటగిరి తన గుణాన్ని సగం పోగొట్టుకున్నట్టే.

ఉతికిన ప్రతిసారీ గంజి కొంత పోతుంది కాబట్టి, పలచగా మళ్లీ పెట్టి నీడన ఆరవేయాలి. చిక్కటి గంజి పెడితే చీర అట్టలా నిలబడి, కుచ్చిళ్లు మాట వినవు. బీరువాలో దాచేటప్పుడు గంజి తీసేసి దాచాలి, లేదంటే పురుగు పడుతుంది. అప్పుడప్పుడూ మడత మార్చాలి. ఏళ్ల తరబడి ఒకే మడతలో ఉన్న చీర జరీ సరిగ్గా ఆ గీత దగ్గరే చిట్లుతుంది.