గీతలతో కట్టిన కోట

మెర్విన్ పీక్ గురించి రాసేవాళ్లు చాలామంది ఆయన చివరి పదేళ్ల దగ్గర మొదలుపెడతారు. వణికే చేతులు, తప్పిపోయే మాట, ఆస్పత్రులు, 1968 నవంబరు 17న 57 ఏళ్లకే చావు. కన్నీళ్లు పెట్టించే కథే, కాదనను. కానీ ఆ జాలిలో పడి ఆయన పనితనాన్ని పట్టించుకోవడం మానేశాం. జబ్బు ఏం లాక్కుపోయిందో తెలియాలంటే ముందు ఆ చేయి ఏం చేసేదో తెలియాలి కదా!

1940ల ఇంగ్లండులో పుస్తకాలకు బొమ్మలు వేసేవాళ్లలో పీక్‌ది మొదటి వరస. ఆయన నవలలు ‘టైటస్ గ్రోన్’ 1946లో, ‘గోర్మెన్‌ఘాస్ట్’ 1950లో వచ్చాయి. కలమూ కుంచే రెండూ పట్టినవాళ్లు మనకూ ఉన్నారు, అడివి బాపిరాజు గారు లేరూ? అయితే పీక్ విషయంలో ఇంకాస్త గట్టి మాటే అనాలి. ఆయన నవల రాసిన తీరూ, బొమ్మ గీసిన తీరూ ఒకటే. ఒకదాని కిటుకు తెలిస్తే రెండోది దానంతటదే విడిపోతుంది.

ముందు బొమ్మ సంగతి. పాళీ కలం, నల్ల సిరా. ఈ రెంటితో బూడిద రంగు రాదు. గీతల బొమ్మలకు వాడే అచ్చు దిమ్మ కూడా అంతే, నలుపైనా ఎక్కిస్తుంది, తెలుపైనా వదిలేస్తుంది. నీడ కావాలంటే గీత పక్కన గీత పెట్టుకుంటూ పోవాలి. నీడ ముదరాలంటే వాటి మీదుగా అడ్డగీతలు, ఆపైన ఏటవాలు గీతలు. మగ్గం మీద పడుగులో పేక పడ్డకొద్దీ గుడ్డ దిట్టమైనట్టు, గీతలు ఒకదాన్నొకటి దాటినకొద్దీ చీకటి చిక్కబడుతుంది. ఆర్టిస్టులు దీన్నే క్రాస్ హ్యాచింగ్ అంటారు. పద్ధతి పాతదే, ఎవరైనా నేర్చుకోవచ్చు. ఎక్కడ ఆపాలో తెలియడమే విద్య. చీకటి ఎంత ముదిరినా లోపలెక్కడో కాగితం తెలుపు మినుకుమంటూ ఉండాలి. అది పూడిపోతే మిగిలేది సిరా మరక.

పీక్‌కు ఆ ఆపడం తెలుసు. 1941లో లూయిస్ కరోల్ ‘ది హంటింగ్ ఆఫ్ ది స్నార్క్’కు, 1943లో కోల్రిడ్జ్ ముసలి నావికుడి కావ్యానికి, 1949లో ‘ట్రెజర్ ఐలండ్’కు ఆయన వేసిన బొమ్మలు చూస్తే సంగతి అర్థమవుతుంది. కోల్రిడ్జ్ పుస్తకానికి గీసిన ఒక బొమ్మ, చావులో బతుకుగా వచ్చే ఆ ఆడరూపం, మరీ భయపెట్టేలా ఉందని ప్రచురణకర్తలు మొదటి ముద్రణలో వెయ్యనేలేదు. యుద్ధం నడుస్తున్న రోజులు. ఊళ్ల మీద బాంబులు పడుతున్న దేశంలో ఒక గీతల బొమ్మకు జడిశారంటే చిత్రకారుడికి అంతకన్నా మెప్పేం కావాలి? కరోల్ ‘ఆలిస్’కు తొలి ముద్రణలోనే బొమ్మలు వేసిన టెనియల్‌ను మరిపించడం ఎవరి తరమూ కాదనుకునే కాలంలో ఆ పుస్తకానికీ బొమ్మలు వేశాడు. పోటీకి పోలేదు. తన ఆలిస్‌ను తాను గీసుకున్నాడు.

ఇక నవల. 1940లో సైన్యంలోకి తీసుకున్నప్పుడు, గన్నర్‌గా శిక్షణ పొందుతూ బ్యారక్కుల్లో నోటుపుస్తకాల్లో ‘టైటస్ గ్రోన్’ రాస్తూ వచ్చాడు. రాతప్రతుల అంచుల్లో, వాక్యాల మధ్యలో పాత్రల మొహాలు కనిపిస్తాయి. అవి అలంకారానికి వేసినవి కావు. మొహం గీస్తే ఆ మనిషి ఎలా మాట్లాడతాడో వినపడేదట ఆయనకు. అడుగేస్తే మోకాళ్లు టకటకమనే ఫ్లే, కొండంత వంటవాడు స్వెల్టర్, మాటకు ముందూ వెనకా కిచకిచ నవ్వే డాక్టర్ ప్రూన్‌స్క్వాలర్, తెల్లపిల్లుల మందతో తిరిగే దొరసాని గర్ట్రూడ్ అలా పుట్టినవాళ్లే.

కథ చెప్పమంటే రెండు ముక్కల్లో అయిపోతుంది. గోర్మెన్‌ఘాస్ట్ అనే అంతులేని కోట. గ్రోన్ వంశానికి 77వ వారసుడు టైటస్ పుడతాడు. వంటింట్లోంచి పారిపోయిన పదిహేడేళ్ల స్టీర్‌పైక్ తెలివితో, క్రూరత్వంతో మెట్టు మెట్టుగా పైకి ఎగబాకుతాడు. ఫాంటసీ అంటారు గానీ ఇందులో మంత్రం లేదు, మాయ లేదు, దయ్యం లేదు. ఉన్నదల్లా రాయి, దుమ్ము, ఆచారం. అర్థం ఎవరికీ గుర్తులేని క్రతువులు రోజూ జరగాలి. ఏ గంటకు ఏ మెట్టు మీద నిలబడాలో పుస్తకంలో రాసి ఉంటుంది. మహాకళాఖండాలు చెక్కే శిల్పులు గోడ బయట గుడిసెల్లో ఉంటారు. ఏడాదికోసారి వాళ్ల చెక్కబొమ్మల్లో మూడే ఎంచి, తక్కినవన్నీ తగలబెడతారు. ఆ మూడూ ఎవరూ తొంగిచూడని పై అంతస్తు హాల్లో దుమ్ము కొట్టుకుంటాయి. నవల మొదలయ్యేది ఆ హాల్లోనే.

ఇప్పుడు పద్ధతి చూడండి. స్టీర్‌పైక్ కోట కప్పు మీదికి ఎక్కే ఘట్టం ఉంది. మామూలు రచయిత ఒక పేరాలో ఎక్కించి దించేస్తాడు. పీక్ దించడు. రాయి, ఐవీ తీగ, కిటికీ, మళ్లీ రాయి. కాస్త పైకి వెళ్లాక ఆకాశంలో పరిచినట్టున్న రాతిపలకల మైదానం. దూరాన ఒక బురుజు నెత్తిన నిలిచిన వాననీళ్లలో ఒక గుర్రం, దాని పిల్ల ఈదుతుంటాయి. అవి అక్కడికెలా వచ్చాయో చెప్పడు. అక్షరాలతో నీడ వేస్తూ వేస్తూ మధ్యలో ఒక తెల్లని చుక్క వదిలేశాడు. కాగితం తెలుపు మినుకుమనడం అన్నది ఇదే.

నవలాకారుడు గ్రేమ్ గ్రీన్ ‘టైటస్ గ్రోన్’ రాతప్రతి చదివి మాటలు దండిగా పెరిగిపోయాయని పీక్‌కు మొహమాటం లేకుండా చెప్పాడు. చివరికి గ్రీన్ పనిచేసిన అయర్ అండ్ స్పాటిస్‌వుడ్ సంస్థే పుస్తకం వేసింది. గ్రీన్ మాటలో కొంత నిజముంది. టైటస్ కవల అత్తలు కోరా, క్లారిస్‌ల సంభాషణలు నాకూ కొన్నిచోట్ల సాగదీసినట్టే అనిపిస్తాయి. అయితే ఆ నిదానాన్ని కత్తిరిస్తే కోట బరువు పోతుంది. వందల ఏళ్లుగా కదలని చోటు గురించి గబగబా రాయడం కుదరని పని. ఆ బరువు పాఠకుడి మీద కూడా పడ్డాకే స్టీర్‌పైక్ చురుకుదనం మనకు ఊపిరాడినట్టుంటుంది. దుర్మార్గుడని తెలిసీ వాడివైపే మొగ్గుతాం. అక్కడే పీక్ మనల్ని పట్టేశాడు.

ఆ కోట ఎక్కణ్ణుంచి వచ్చిందని విమర్శకులు చాలా వెతికారు. పీక్ 1911 జులై 9న చైనాలో, కూలింగ్ అనే కొండ ఊళ్లో పుట్టాడు. తండ్రి మిషనరీ డాక్టరు. బాల్యం చాలావరకు టియాంజిన్‌లో, గోడల వెనక మిషన్ ఆవరణలో గడిచింది. పదకొండేళ్ల వయసులో ఇంగ్లండు చేరాడు. తర్వాత ఇంగ్లిష్ చానెల్‌లోని సార్క్ దీవిలో ఉన్నాడు. భూస్వామ్య పాలన ఇరవై ఒకటో శతాబ్దం దాకా సాగిన దీవి అది. గోడల లోపలి లోకం, తాతల నాటి ఆచారం రెండూ ఆయనకు ఎరుకే. అంతకుమించి లెక్కలు కట్టడం నాకు రుచించదు.

1945 వేసవి మాత్రం అలా దాటేసేది కాదు. అప్పుడే విముక్తమైన బెల్సెన్ నాజీ శిబిరానికి ఒక పత్రిక తరఫున వెళ్లాడు, విలేఖరి టామ్ పోకాక్‌తో కలిసి. క్షయతో చివరి ఘడియల్లో ఉన్న ఒక అమ్మాయిని గీశాడు. అక్కడ క్రాస్ హ్యాచింగ్ లేదు, చీకటి నింపడం లేదు. పల్చని నాలుగు గీతలు, అంతే. తర్వాత ఆ అమ్మాయి గురించి కవిత రాస్తూ తన మీద తానే నేరం మోపుకున్నాడు. చచ్చిపోతున్న మనిషిని చూస్తూ కూడా చిత్రకారుడి కన్ను బొమ్మ ఎలా కుదురుతుందో చూస్తుందే, ఆ కన్నును ఏమనాలి? యుద్ధ చిత్రకారుల్లో ఇంత సూటిగా తనను తాను నిలదీసుకున్నవాళ్లు అరుదు.

1951లో ‘గోర్మెన్‌ఘాస్ట్’కు, కవితల పుస్తకం ‘ది గ్లాస్‌బ్లోయర్స్’కు కలిపి రాయల్ సొసైటీ ఆఫ్ లిటరేచర్ వారి హైనమన్ బహుమతి వచ్చింది. మెప్పు దండిగా, డబ్బు అంతంతమాత్రంగా. 1957లో లండన్‌లో ఆడిన ఆయన నాటకం ‘ది విట్ టు వూ’ దెబ్బతింది, దాంతోపాటే మనిషీ కుప్పకూలాడు. వణుకు పెరిగింది. కరెంటు షాకులిచ్చారు, మెదడుకు ఆపరేషన్ చేశారు. ఫలితం లేకపోయింది. అప్పట్లో పార్కిన్సన్స్ లాంటి జబ్బన్నారు. లక్షణాలను బట్టి అది లూయీ బాడీ డిమెన్షియా అయి ఉండొచ్చని 2003లో ఒక వైద్య పరిశోధకుడు రాశాడు.

మూడో నవల ‘టైటస్ అలోన్’ 1959లో వచ్చింది. పొట్టి అధ్యాయాలు, తెగిపోయే వాక్యాలు, కోట బదులు కార్లు, ఫ్యాక్టరీలు, నిఘా యంత్రాలు. జబ్బు రాయించిందని తీసిపారేసేవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. టైటస్ కోట దాటి బయటికొచ్చాడు, రాతి చీకటి వెనకబడింది, రాత కూడా పల్చబడాలి కదా. అందులో బ్లాక్ రోజ్ అనే స్త్రీ శిబిరంలోంచి బతికి బయటపడుతుంది, చివరకు తెల్లని దుప్పట్ల మధ్య చనిపోతుంది. బెల్సెన్ అమ్మాయి పల్చని గీత ఎక్కడ తేలిందో వేరే చెప్పక్కర్లేదు. ప్రచురణకర్తలు చెరిపేసిన చోట్లను రచయిత లాంగ్డన్ జోన్స్ రాతప్రతుల సాయంతో సరిచేస్తే 1970లో మెరుగైన పాఠం వచ్చింది. చదివితే అదే చదవాలి.

పీక్ చూడలేకపోయిన పేరు ఆయన పోయే ఏడాదినుంచే మొదలైంది. పెంగ్విన్ మోడరన్ క్లాసిక్స్‌లో ఈ నవలలు వచ్చాయి, నవలాకారుడు ఆంథొనీ బర్జెస్ ముందుమాట రాశాడు. రచయిత మైకేల్ మూర్‌కాక్ పీక్ పక్షాన దశాబ్దాలు వాదించాడు. 2000లో బీబీసీ సీరియల్‌గా తీసింది. 2010లో బ్రిటిష్ లైబ్రరీ ఆయన కాగితాలు సేకరించింది. భార్య మేవ్ గిల్మోర్ స్వయంగా చిత్రకారిణి. ఆయన వదిలిన కొన్ని పేజీలనుంచి కథ కొనసాగిస్తూ ఆమె రాసిన ‘టైటస్ అవేక్స్’ 2011లో, శతజయంతి ఏడాది, అచ్చయింది. భర్త మీద ప్రేమ కోసం చదవొచ్చు, నవలగా అంత గట్టిది కాదు. అదే ఏడాది మూడు నవలలూ ఒకే సంపుటంగా, పీక్ బొమ్మలతో వచ్చాయి. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు బొమ్మలు లేని ప్రతి కొనకండి, ఆ సంపుటమే వెతుక్కోండి. మొదట్లో కథ నత్తనడక నడుస్తుంది. స్టీర్‌పైక్ కప్పు ఎక్కేదాకా కాస్త ఓపిక పట్టండి.