పుస్తకంలో వేలు

ఉగాది నాడు ఒక పట్టు పట్టినాను. మళ్లీ ఉగాది వచ్చేలోపు మన కడప జిల్లా రచయితల పుస్తకాలు 24 చదవాల. నెలకు రెండు. పేర్లన్నీ క్యాలెండరు వెనకవైపు రాసి మేకుకు తగిలించినాను. ఏడు నెలలయింది. పద్నాలుగు కావాల్సిన చోట ఎనిమిదికే టిక్కు పడింది.

చదువంతా బస్సులోనే. వారానికోసారి ప్రొద్దుటూరులో ఎక్కి జమ్మలమడుగు, ముద్దనూరు మీదుగా పులివెందులకు, చెల్లెలి ఇంటికి పోతాను. సంచిలో ఒకే పుస్తకం ఉండాలని నియమం. దాన్ని మొదట చెడగొట్టింది కేతు విశ్వనాథరెడ్డి. జాబితాలో ఉన్నది ఆయన కథల సంపుటి, 1996లో కేంద్ర సాహిత్య అకాడెమీ అవార్డు వచ్చినది. ఆ కథల్లో తిరుగుతుంటే, కడప జిల్లా ఊర్ల పేర్ల మీద ఆయనే చేసిన పరిశోధన గుర్తొస్తుంది. అది జాబితాలో లేదు. అయినా సంచిలోకి వచ్చింది. ఇంక కథ ఎక్కడ సాగుతుంది? జమ్మలమడుగు వస్తే, జమ్ము పెరిగిన మడుగు ఎక్కడుండేదో అని కిటికీలోంచి చూపు. పులివెందుల అంటే పులుల మందలేనని పక్క సీటాయన పట్టుబడితే ఆయనతో వాదన. దారిలో కనపడిన ప్రతి ఊరి బోర్డుకూ పుస్తకం తిరగేయడమే సరిపోయింది.

తొమ్మిదోది రాచమల్లు రామచంద్రారెడ్డి, అదే రా.రా. పులివెందుల వైపు మనిషి. మాస్కోలో కూర్చుని రష్యన్ పుస్తకాలను తెలుగు చేసినవాడు. ఆయన ‘అనువాద సమస్యలు’కు 1988లో అకాడెమీ అవార్డు వచ్చింది. నాలుగు పేజీలు చదివేసరికి, ఎప్పుడో విశాలాంధ్ర వ్యానులో కొన్న సోవియట్ పుస్తకాలు ఎట్లా అనువదించినారో చూడాలనిపించింది. అటక ఎక్కినాను. ఆ ఆదివారం దిగలేదు.

లెక్క పెంచుకునే దొంగదారి కూడా ఒకటుంది, సన్న పుస్తకాలు ఏరుకోవడం. పుట్టపర్తి నారాయణాచార్యుల ‘శివతాండవం’ పుట్టింది మా ప్రొద్దుటూరు అగస్త్యేశ్వరస్వామి గుడిలోనేనని చెప్పుకుంటారు. కళ్లతో చదివితే అరగంట. టిక్కు పెట్టినాను కూడా. రెండు రోజులకు ఎవరో దాన్ని గొంతెత్తి చదువుతుంటే విని సిగ్గేసి, ఇంటికొచ్చి కొట్టేసినాను. ఎనిమిదిలో అది లేదు. (ఆయన చిన్నతనంలో రాసిన ‘పెనుగొండలక్ష్మి’నే విద్వాన్ పరీక్షకు పాఠంగా చదవాల్సి వచ్చిందట. జాబితాలతో అవస్థ నాకొక్కడికేనా!)

ఈ గోడు అమ్మకు చెప్పుకున్నాను.

“సప్తాహం పట్టినోడు మధ్యలో ఇంగో పుస్తకం తెరుస్తాడా నాయనా?”

నిజమే, భాగవత సప్తాహమంటే పన్నెండు స్కంధాలూ ఏడు రోజుల్లో ముగించాల్సిందే. కానీ చిన్నప్పుడు రాములవారి గుడిలో విన్నది వేరే గుర్తుంది నాకు. పురాణం చెప్పే అయ్యవారు పద్యం మధ్యలో ఆపి పిట్టకథలోకి దిగేవాడు. అందులోంచి ఇంకోదానికి. మేము పోయేది వాటికోసమే. అంతసేపూ ఆయన కుడిచెయ్యే గాల్లో ఆడేది. ఎడమచేతి చూపుడువేలు మాత్రం పుస్తకంలో ఆపిన పాదం మీదనే ఉండేది. కథ అయిపోగానే చూపు ఆ వేలి దగ్గరికి దిగేది. ఎంత దూరం పోయినా ఏడో రోజుకు ముగింపు తప్పేది కాదు.

పోయిన వారం నేనూ అదే పాటించినాను. రా.రా. పుస్తకంలో ఎడమచేతి వేలు పెట్టి, దాని మీదే ఊర్ల పేర్ల పుస్తకం ఆనించుకుని జమ్మలమడుగు దాటినాను. చాలా బాగా సాగింది. ముద్దనూరులో కండక్టరు వచ్చి, “యాభై ఇయ్యాల నీకు, టికెట్టు ఏదన్నా?” అన్నాడు. చిల్లర లెక్క రాసిన టికెట్టు చొక్కా జేబులో ఉంది. కుడిచేతిలో ఒక పుస్తకం, ఎడమచేతిలో ఇంకోటి.

వేలు తీసినాను.