కుడితి తొట్టి ఉన్న పండగ

సంక్రాంతి చెత్త సంక్రాంతి నాడు పుట్టదు. భోగికి వారం ముందు కదిరి బజారులో పుడుతుంది. కొత్త బట్టలకొక కవరు, బెల్లానికొక కవరు, ముగ్గు రంగులకు చిన్న చిన్న ప్యాకెట్లు, బెంగళూరు నుంచి వచ్చే పిల్లల చేతుల్లో మిఠాయి డబ్బాలు, కూల్‌డ్రింకు సీసాలు. అన్నీ మనతోపాటే తనకల్లులో బస్సు దిగుతాయి. పండగైపోయినాక వీటిని ఎక్కడ పారేద్దామా అని చూసుకుంటే అప్పటికే పొద్దుపోయినట్టు. అందుకే మా ఇంట్లో ఈ పని సంచులతో మొదలవుతుంది. నూనెకు క్యాను, బెల్లానికీ బేడలకూ గుడ్డసంచులు ముందురోజు రాత్రే తలుపు వెనక తగిలించి పెడతాను. కళ్లెదుట కనబడకపోతే మరిచిపోతాం. మరిచిపోయామంటే అంగడి కవరే గతి.

వంటింట్లోంచి వచ్చేదాని గురించి నాకు ఎప్పుడూ దిగులు లేదు. ఓళిగలకు బేడలు ఉడకబెడితే ఆ నీళ్లు పారబోసే ఇల్లు ఈ సీమలో కనబడదు. ఆ కట్టులోనే చింతపండు పులుసు పోసి, కాస్త పూర్ణం కలిపి, ధనియాలు, జీలకర్ర, కొబ్బరి నూరి వేస్తే ఓళిగల చారు. పండగ నాటికన్నా మరునాడు ఇంకా రుచిగా ఉంటుంది. మిగిలిన అన్నం తెల్లారితే చిత్రాన్నం. మిగిలిన సంగటి మజ్జిగలో పిసుక్కుని తాగేది. బియ్యం కడిగిన నీళ్లు, కూరగాయల తొక్కలు, గంజి కుడితి తొట్టికి పోతాయి. శెనక్కాయల పొట్టు పొయ్యిలోకి, నూనె తీసిన చెక్కా, కాయలు కోసుకున్న కట్టే పశువులకు. పొయ్యి బూడిద గిన్నెలు తోమేందుకు. పశువు తిన్నది పేడై దిబ్బకు చేరి, తొలకరికి ముందు బండికెక్కి చేలోకి పోతుంది. మా పెద్దవాళ్లు దీన్ని పర్యావరణం పేరుతో చేయలేదు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల చుట్టూ మాత్రమే వాన పడే జిల్లా ఇది, ఆ వాన కూడా చెప్పిన వేళకు రాదు. ఇట్లాంటి నేలలో చేలోంచి వచ్చింది చేలోకి తిరిగి పోకపోతే మరుసటేడు పంట ఉండదని వాళ్లకు తెలుసు.

ఈ వరుసలో మధ్యనున్న లంకె పశువు. కరువు వచ్చినప్పుడల్లా రైతు మొదట అమ్ముకున్నది దాన్నే. మేత లేక, నీళ్లు లేక సంతకు తోలిన ఎద్దులు తిరిగి రాలేదు. పాడి కోసం ఒకటో రెండో ఉన్న ఇళ్లున్నాయి గానీ, కుడితి తొట్టి లేని ఇళ్లే ఇప్పుడు ఎక్కువ. ఆ ఇళ్లలో పండగనాడు మిగిలిన అన్నం, పులిహోర, ఓళిగ ముక్కలు ఎక్కడికి పోతాయి? కవరులో పోసి, మూతి ముడి వేసి, వీధి చివర పెడతారు. కుక్కలు పీకకుండా ఉండాలని వేసిన ముడి అది. అదే పశువు ప్రాణం తీస్తుంది. ఆవు మేతను మొదట పూర్తిగా నమలదు, మింగేస్తుంది. తీరిగ్గా పడుకున్నాక పైకి తెచ్చుకుని నెమరేస్తుంది. ఉప్పూ నూనే వాసన తగిలిన కవరును, ముడి విప్పలేక, కవరుతో సహా మింగుతుంది. ఆ ప్లాస్టిక్ నెమరుకు పైకి రాదు, కిందికీ దిగదు. ఏళ్ల తరబడి పొట్టలో చేరి గట్టి ముద్దవుతుంది. పొట్ట నిండుగా కనబడుతుంది, ఆవు మాత్రం ఆకలితో చిక్కిపోతుంది.

ఇది ఎక్కడో జరిగే సంగతి కాదు. మన జిల్లాకేంద్రం పుట్టపర్తిలోనే కరుణ సొసైటీ అనే జంతు సంరక్షణ సంస్థ ఉంది. వీధుల్లో తిరిగే ఆవులకు అక్కడ ఎడమ డొక్క కోసి, పొట్టలోంచి పదుల కిలోల ప్లాస్టిక్ తీశారు. కవర్లు, తాళ్లు, వాటి మధ్య మేకులు, నాణేలు. ఆ సంస్థే 2012లో సుప్రీంకోర్టుకు వెళ్లింది. ఆ కేసు వింటూ న్యాయమూర్తులు ప్లాస్టిక్ సంచుల ముప్పును అణుబాంబుతో పోల్చారు. ఆవు పొట్టలోని చెత్త మీద దేశపు అత్యున్నత న్యాయస్థానం దాకా పోయిన గొంతు మన సీమది. ఆ సంగతి మన పిల్లలకు బడిలో చెప్పాలని నాకుంటుంది.

దీన్ని కనుమ పక్కన పెట్టి చూడండి. మదనపల్లె, చిత్తూరు వైపు పల్లెల్లో ఆ రోజు అడవిలోని మందాకులు తెచ్చి, ఉప్పుతో దంచి, ఆ ఉప్పుచెక్కను పశువు నోరు తెరిచి గొంతులో వేస్తారు. ఏడాదంతా దాని కడుపు బాగుండాలని. కొమ్ములకు రంగులు పూసి, మెడలో గంటలు కట్టి మొక్కుతారు. మొన్న భోగినాడు మనం వీధిలో పెట్టిన కవరు దిగిందీ ఆ గొంతులోంచే. ఇది తలచుకున్నప్పుడు నాకు గుండె పట్టేసినట్టు ఉంటుంది.

ఇక విస్తళ్ల సంగతి. పండగకు ఇంటినిండా చుట్టాలొస్తే ప్లాస్టిక్ పూత వేసిన ప్లేట్లు, గ్లాసులు తెచ్చుకుంటున్నారు. ఎందుకమ్మా అంటే పక్కింటి పిల్ల చెప్పిన మాట, "నీళ్లు యాడుండాయక్కా గిన్నెలు కడగను?" ఆ మాటను తోసిపుచ్చలేను. బిందెకు బిందె లెక్కపెట్టి వాడే ఊళ్లో అది నిజమైన కష్టం. కానీ దానికి విరుగుడు కూడా ఈ ఊళ్లదే. మోదుగ విస్తరాకులో తింటే కడిగే పని లేదు, తిన్నాక దిబ్బలో వేస్తే ఎరువు. తాగేందుకు స్టీలు గ్లాసులు చాలు, వాటికి నీళ్లు పెద్దగా పట్టవు. జిడ్డు గిన్నెలను ముందు బూడిదతో పొడిగా తుడిచి, తర్వాత తొలిస్తే సగం నీళ్లు మిగులుతాయి. ఆ తొలిచిన నీళ్లు కరివేపాకు చెట్టుకు. కాగితం గ్లాసును నమ్మకండి. దానిలోపల ప్లాస్టిక్ పొర ఉంటుంది, మట్టిలో కలవదు. ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు, చెంచాలు, మిఠాయి డబ్బాల మీద చుట్టే పల్చటి పొర 2022 జులై 1 నుంచి దేశమంతటా నిషేధం. నిషేధం వచ్చిన సరుకు ఇంకా అంగట్లో దొరుకుతోందంటే, అడిగి కొనేవాళ్లం మనం ఉన్నాం కాబట్టే.

భోగి మంటకు పాత టైర్లు, ప్లాస్టిక్ కుర్చీలు మోసుకొచ్చే పిల్లల్ని ఆపండి. చెత్తను ఆరుబయట కాల్చకూడదని 2016 నాటి నిబంధనలే చెప్పాయి. చలికి ముందు వరసలో కూర్చునేది చంటిపిల్లలూ ముసలివాళ్లూ, ఆ పొగ మొదట పీల్చేదీ వాళ్లే. పిడకలు, ఎండు కంప, విరిగిన మంచం కోళ్లు చాలు. ఆ బూడిదైతే చేలో చల్లుకోవచ్చు.

నిప్పట్లు, కజ్జికాయలు పంచే విషయంలో నాకొక పట్టుదల ఉంది. చుట్టాలకు ముందే ఫోను చేసి చెబుతాను, వచ్చేటప్పుడు ఖాళీ డబ్బా తెచ్చుకోండని. మొదట్లో నవ్వారు. ఇప్పుడు మా చిన్నత్త తన డబ్బాలో వాళ్ల చేని సజ్జలు పోసుకుని వస్తోంది, ఇచ్చిపుచ్చుకునే గిన్నె ఖాళీగా పోకూడదని మనకున్న ఆచారమే కదా. ఎంతమంది ఉంటారో, ఎన్నాళ్లుంటారో కూడా ఆ ఫోనులోనే అడుగుతాను. అడగడం మర్యాద కాదనుకుని అంచనాకు మించి వండేదానికన్నా, అడిగి సరిపడా వండటమే మేలు.

మన రాష్ట్రంలో పంచాయతీలకు చెత్త నుంచి సంపద తయారుచేసే కేంద్రాలు కట్టించారు. మీ ఊరి షెడ్డు పనిచేస్తుంటే తడి చెత్త, పొడి చెత్త వేరు చేసి బండికి ఇవ్వండి. పనిచేయకుంటే ఎందుకని సర్పంచిని అడగండి. ఇవేవీ కుదరకపోయినా ఒక్కటి మాత్రం చేయండి. పండగనాడు మిగిలిన అన్నాన్ని కవరులో ముడి వేసి వీధిలో పెట్టొద్దు. పశువున్న ఇంటి కుడితి తొట్టిలో పోయండి, లేదంటే పెరట్లో గుంట తీసి పూడ్చండి.